మెడికల్‌లో అన్‌ఫిట్ అయ్యాను, వయసుకి ఇంకొక్క నోటిఫికేషనే మిగిలింది. ఆర్మీకి మళ్ళీ వెళ్ళాలా?

టెక్కలి_రన్నర్

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు పల్లెటూరు. ఇంటర్ ఎంపీసీ అయ్యాక డిగ్రీలో చేరాను కానీ కాలేజీ కంటే గ్రౌండ్‌కి వెళ్ళిందే ఎక్కువ. విశాఖపట్నం ఏఆర్‌వో (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు) కింద అగ్నివీర్ జీడీకి, అంటే నాలుగేళ్ళ జనరల్ డ్యూటీ సైనికుడి ఉద్యోగానికి అప్లై చేశాను. ఇంతకుముందు ఆన్‌లైన్ పరీక్షలోనే ఆగిపోయాను. 2025లో పరీక్ష దాటింది, ర్యాలీకి పిలిచారు, రన్నింగ్ మొదటి గ్రూపులోనే వచ్చాను, బీమ్ (పుల్‌అప్స్) పదికి పది కొట్టాను, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ కూడా అయిపోయాయి. సర్టిఫికెట్ల దగ్గర కూడా ఏ పేచీ రాలేదు. ఇక అయిపోయిందనుకుని నాన్నకి ఫోన్ కూడా చేసేశాను.

మెడికల్‌లో అందరి బట్టలూ విప్పించి వరసలో నిలబెట్టారు. డాక్టర్ గారు చూసి, దగ్గమన్నారు, దగ్గాను, పక్కన కూర్చున్నాయనకి ఏదో చెప్పారు, ఆయన రాసుకున్నాడు. స్లిప్పు చేతికొచ్చాక చూస్తే వేరికోసిల్ అని ఉంది. అదేంటో అప్పటిదాకా నాకు తెలీదు, నొప్పి లేదు, ఏమీ లేదు. రివ్యూకి మిలిటరీ ఆసుపత్రికి వెళ్తే అక్కడా అన్‌ఫిట్ అనే రాశారు.

ఇంట్లో ఏం చెప్పాలో తెలియక చెవిలో ఏదో ప్రాబ్లం అని చెప్పాను. నాన్న పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని చేస్తారు. మావయ్య ఏమో ఫార్మా కంపెనీలో హెల్పర్‌గా పెట్టిస్తా, ఈ పరుగులు ఆపెయ్ అంటున్నాడు. నా డేట్ ఆఫ్ బర్త్ ప్రకారం ఇంకొక్క నోటిఫికేషన్‌కి మాత్రమే కుదురుతుంది. ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ వెళ్ళాలా, వదిలేయాలా? ఆపరేషన్ మచ్చ చూసి మళ్ళీ తీసేస్తారా? ఎత్తు 168. ఇలా అయినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నిద్ర పట్టట్లేదు.

ఓరుగల్లు_బబ్లూ

బ్రో, బీమ్ పది, రన్నింగ్ ఫస్ట్ గ్రూప్ అంటే మామూలు విషయం కాదు. మా గ్రౌండ్‌లో సగం మంది ఆ తాడు దగ్గరే ఆగిపోతారు. నేనూ తాడు బ్యాచే.

గూడెం_శివ

తాడు అంటే?

ఓరుగల్లు_బబ్లూ

టైమ్ అయిపోగానే ఫినిషింగ్ దగ్గర జవాన్లు అడ్డంగా తాడు పట్టేస్తారు అన్నా. ముందున్నోడు లోపల, వెనకున్నోడు బయట. నా ఛాతీకి తాడు తగిలింది, ముందున్నోడి చొక్కా పట్టుకునేంత దూరంలో ఉన్నాడు. అప్పుడు రెండో గ్రూపు 5 నిమిషాల 45 సెకన్ల దాకానే. 2025లో 6.15 దాకా పెంచి నాలుగు గ్రూపులు చేశారు, మాకప్పుడు ఆ ముచ్చటే లేదు.

స్టాఫ్‌నర్స్_విజయనగరం

తమ్ముడూ, ముందు ఇంట్లో నిజం చెప్పు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వృషణాల దగ్గర ఉండే సిరలు ఉబ్బడాన్నే వేరికోసిల్ అంటారు, ఎక్కువగా ఎడమవైపు వస్తుంది, చాలామందికి నొప్పి ఉండదు కాబట్టి ఇలాంటి మెడికల్‌లోనే మొదటిసారి బయటపడుతుంది. దగ్గమన్నది అందుకే, దగ్గితే పొట్టలో ఒత్తిడి పెరిగి ఉబ్బు చేతికి తెలుస్తుంది. హెర్నియా ఉన్నా అలాగే తెలుస్తుంది.

ఆపరేషన్ పెద్దది కాదు. కానీ చేయించుకోవాలా వద్దా అన్నది ఆర్మీ కోసం కాదు, ముందు నీ కోసం తేల్చుకో. యూరాలజీ డాక్టర్‌కి చూపించు, స్కాన్ తీస్తారు, ఏ దశలో ఉందో చెప్తారు. మా పెద్దమ్మ కొడుక్కి ఇదే వచ్చింది, ఆపరేషన్ అయ్యాక పూర్తిగా మానాక తర్వాతి ర్యాలీలో ఫిట్ ఇచ్చారు. అందరికీ అలాగే ఇస్తారని నేను చెప్పలేను, ఆ రోజు చూసే డాక్టర్ ఇష్టం. నేను చూసిన పొరపాటు ఒకటే, రివ్యూ తేదీ దగ్గరుందని హడావిడిగా ఆపరేషన్ చేయించుకుని కుట్లు ఆరకముందే పరిగెత్తుకుంటూ వెళ్తారు. పచ్చి గాయం చూసి ఎవరు ఫిట్ ఇస్తారు? నీకు ఆ తొందర లేదు కదా, వచ్చే ర్యాలీకి నెలలున్నాయి. డిశ్చార్జి కాగితాలు జాగ్రత్తగా దాచుకో. డాక్టర్ పరుగెత్తొచ్చు అనేదాకా గ్రౌండ్‌కి వెళ్ళకు, బీమ్ జోలికి అసలు వెళ్ళకు.

ఒంగోలు_2021బ్యాచ్

చేదుగా ఉంటుంది కానీ చెప్తాను. వదిలెయ్.

నేను గుంటూరు ఏఆర్‌వో. 2021లో రన్నింగ్ కొట్టాను, మెడికల్ ఫిట్, రాతపరీక్ష ఒక్కటే మిగిలింది. అప్పట్లో ముందు గ్రౌండ్, చివర్లో పరీక్ష. అడ్మిట్ కార్డు వస్తుంది, పరీక్ష వాయిదా పడుతుంది, మళ్ళీ వాయిదా, కరోనా అంటారు, రేపంటారు, ఎల్లుండంటారు, ఈలోపు 2022 జూన్ 14న సైన్యంలోకి నాలుగేళ్ళకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు, పాత ర్యాలీలన్నీ రద్దు, మళ్ళీ మొదటినుంచి రమ్మన్నారు. ఆ ఒక్క ఏడాదికి వయసు 23 చేశారు, నాకు అదీ దాటిపోయింది. మూడు రోజులకి, జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. రైళ్ళు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ పిల్లల్లో నాలాగే మెడికల్ అయిపోయి పరీక్ష కోసం కూర్చున్నవాళ్ళు ఉన్నారు, ఒకడు కాల్పుల్లో చనిపోయాడు. మీసం వచ్చినప్పటినుంచి తెల్లారుజామున లేచి పరిగెత్తిన వయసంతా ఏ ఖాతాలో రాసుకోవాలి?

ఇప్పుడు గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. బతుకు బాగానే ఉంది. నాలుగేళ్ళ కాంట్రాక్టు కోసం పొట్ట కిందికి కత్తి పెట్టించుకోవాలా తమ్ముడూ?

మాధవరం_హవల్దార్

ఒంగోలు అబ్బాయి బాధలో న్యాయం ఉంది. మీ బ్యాచ్‌కి జరిగింది అన్యాయమే, నేను కాదనను. కానీ నీ సంగతి వేరు, ఈ అబ్బాయి సంగతి వేరు. నీకు తలుపు వాళ్ళు మూశారు. ఇతనికి ఇంకా తెరిచే ఉంది.

నాది మిలిటరీ మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. మా ఊళ్ళో ఇంటికొకరు ఫౌజులో ఉంటారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు, కానీ వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. ప్రతి ఇంట్లోనూ ఒకడు సెలెక్ట్ అయినవాడు ఉంటాడు, ఒకడు చెస్ట్ చాలక, ఒకడు మోకాళ్ళు తగులుకుని, ఒకడు రంగులు గుర్తుపట్టలేక వెనక్కొచ్చినవాడు ఉంటాడు. నేను పాతికేళ్ళ కిందట వెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుకు నా వెనకే నిలబడ్డాడు. వాడు నాకంటే బాగా పరిగెత్తేవాడు. కలర్ పుస్తకంలో చుక్కల మధ్య అంకె వాడికి కనపడలేదు, అంతే. దానికి మందు లేదు, ఆపరేషన్ లేదు. రంగులు కనపడనివాడు ఎన్ని ర్యాలీలకి వెళ్ళినా డబ్బు దండగ. అలాగే ఎత్తు. మన ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకి జీడీకి 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో అయిదు పెరగాలి. ఎస్టీ పిల్లలకి ఎత్తులో సడలింపు ఉంది. ఛాతీ పెంచుకోవచ్చు, ఎత్తు ఏ పొడి తాగినా పెరగదు.

నీది అటువంటిది కాదు అబ్బాయ్. సరిచేయించుకోగలిగింది. చెవిలో గులిమి, ముక్కు దూలం, మొలలు, పళ్ళు, బరువు, ఇవన్నీ ముందే చూపించుకోవాల్సినవి. ర్యాలీకి ముందు ఒకసారి మామూలు డాక్టర్ దగ్గరికెళ్ళి తలనుంచి కాలిదాకా చూపించుకోమని నేను మా ఊరి పిల్లలకి ప్రతిసారీ చెప్తాను, ఒక్కడూ వినడు, బూట్లకి వేలు పోస్తారు.

ఇంకోటి, పచ్చబొట్టు. ముంజేయి లోపలివైపు పేరో దేవుడి గుర్తో ఉంటే ఒప్పుకుంటారు. మెడమీద గద్ద, భుజంమీద సింహం వేయించుకుని వచ్చి ఏడిస్తే ఎవరేం చేస్తారు.

జాబ్_పక్కా_777

(మోడరేటర్ తొలగించారు)

మోడరేటర్

పై పోస్టులో ఫోన్ నంబరు, "మెడికల్ సెట్ చేస్తాం, జాయినింగ్ అయ్యాకే పేమెంట్" అని ఉంది. తీసేశాం, అకౌంట్ ఆపేశాం. ఇలాంటి మెసేజ్ ఎవరికైనా ప్రైవేట్‌గా వస్తే రిపోర్ట్ చేయండి.

మాధవరం_హవల్దార్

మంచి పని చేశారు. వీళ్ళ లెక్క చాలా తేలిక. వందమంది దగ్గర ఒరిజినల్ మెమోలు, అడ్వాన్సు తీసుకుంటాడు. ఏమీ చేయడు. వందలో కొంతమంది వాళ్ళంతట వాళ్ళే పాసవుతారు, వాళ్ళ దగ్గర మిగతా డబ్బు గుంజుతాడు. ఫెయిలైనవాడికి "ఈసారి పైవాడు మారాడు" అంటాడు. ఒరిజినల్ టెన్త్ మెమో ఎవడి చేతికీ ఇవ్వకండి. అది వెనక్కి తీసుకోవడానికి ఎదురు డబ్బు కట్టినవాళ్ళని చూశాను.

ఓరుగల్లు_బబ్లూ

మా దగ్గర ఇంకో దందా ఉంది అన్నా, ఇంజెక్షన్లు. రన్నింగ్ ముందు వేసుకుంటే గాలిలో తేలతావని చెప్పి సీసాలు అమ్ముతారు. ఒక పిల్లోడు వేసుకుని మూడో రౌండ్‌లో కింద పడ్డాడు, నోట్లోంచి నురగ. ర్యాలీ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, మత్తు మందులు, ఉత్ప్రేరకాలు వాడినట్టు తేలితే అక్కడికక్కడే అవుట్.

గోరంట్ల_సుజాత

నేను అబ్బాయిల వైపు కాదు, అమ్మల వైపు నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు కూడా రెడీ అవుతున్నాడు. మాది సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం. 2025 మే 9న సరిహద్దులో అమరుడైన మురళీ నాయక్ మా మండలంలోని కల్లితండా అబ్బాయే, ఆయనా అగ్నివీరే. ఆ రోజు మా అమ్మ టీవీ కట్టేసి, తమ్ముడి బూట్లు తీసుకెళ్ళి అటక మీద పెట్టింది. వాడు దించలేదు. వారం తర్వాత అమ్మే దించి, దులిపి, వాకిట్లో పెట్టింది. ఎందుకు దించావంటే "వాడు చెప్పులేసుకుని పరిగెత్తుతున్నాడు, కాళ్ళు పోతాయి" అంది.

నేను అడగాలనుకున్నది వేరే. ఈ నాలుగేళ్ళ తర్వాత ఏంటి అనేది ఎవరైనా సూటిగా చెప్తారా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

డ్యూటీలో_ఉన్నా

అక్కా, నేను అగ్నివీర్‌నే. యూనిట్, ప్లేసు అడగొద్దు, చెప్పను.

డబ్బు లెక్క ఇది. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 9 వేలు సేవానిధికి (చివర్లో ఒకేసారి ఇచ్చే మొత్తానికి) పోతుంది, చేతికి 21 వేలు. తర్వాత 33 వేలు, 36,500, నాలుగో ఏడు 40 వేలు, అప్పుడు చేతికి 28 వేలు. మనం వేసినంత ప్రభుత్వం కూడా వేస్తుంది. చివర్లో వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు, టాక్స్ లేదు. 48 లక్షల ఇన్సూరెన్స్ ఉంటుంది, దానికి మన జీతంలో కోత ఉండదు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఏడాదికి 30 రోజుల సెలవు. నాలుగేళ్ళయ్యాక 25 శాతం వరకు పర్మనెంట్‌గా ఉంచుకుంటారు.

ఇక కాగితం మీద లేనిది. మా బ్యారక్‌లో రాత్రి లైట్లు ఆర్పాక మాట్లాడుకునేది ఆ 25 శాతం గురించే. పక్క మంచం వాడు నా దోస్తు, పొద్దున ఫైరింగ్‌లో వాడికి నాకంటే మార్కులు ఎక్కువొస్తే సంతోషించాలో టెన్షన్ పడాలో తెలీదు. మొదటి బ్యాచ్‌లు ట్రైనింగ్‌లో చేరింది 2022 చివర, 2023 మొదట్లో. అంటే 2026 చివరిదాకా ఎవరికీ నాలుగేళ్ళు పూర్తి కావు, కాబట్టి అప్పటిదాకా బయటికొచ్చాక ఇలా ఉంటుందని మీకు ఎవరు చెప్పినా ఊహే. 2022లో కేంద్ర బలగాల్లో పది శాతం రిజర్వేషన్ అన్నారు, వయసు సడలింపు అన్నారు. అది అమలయ్యేటప్పుడు చూడాలి.

అయినా నన్ను మళ్ళీ పద్దెనిమిదేళ్ళకి పంపిస్తే మళ్ళీ ఇదే లైన్‌లో నిలబడతాను. ఎందుకంటే చెప్పడం రాదు.

ఒంగోలు_2021బ్యాచ్

ఆ చివరి మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. సరే తమ్ముడూ, క్షేమంగా ఉండు.

కానీ టెక్కలి తమ్ముడికి నేను చెప్పేది ఒకటే, ఇది ఒక్కటే పట్టుకుని కూర్చోకు. ఎస్‌ఎస్‌సీ జీడీ రాయి, కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ అన్నీ అందులోనే. 60 ఏళ్ళ దాకా ఉద్యోగం. 23 దాకా వయసు. పరీక్ష తెలుగులో కూడా ఉంది. రన్నింగ్ 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, నీకది లెక్క కాదు.

గూడెం_శివ

అన్నా ఆగు, అతను ఎత్తు 168 అన్నాడు. ఎస్‌ఎస్‌సీ జీడీకి మగవాళ్ళకి 170 కావాలి. ఎస్టీ అయితే 162.5. ఆర్మీ ఎత్తు వేరు, కేంద్ర బలగాల ఎత్తు వేరు, ఇక్కడే చాలామంది పరీక్ష పాసై ఫిజికల్‌లో కొలతకి బయటికొస్తారు. నేను అలా వచ్చినవాడినే కాబట్టి బాగా గుర్తు.

ఒంగోలు_2021బ్యాచ్

నిజమే, ఎత్తు చూడలేదు. అయితే పోలీస్ కానిస్టేబుల్. 167.6, దానికి సరిపోతుంది. ఏపీలో 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆర్మీకి ప్రాక్టీస్ చేసినోడు కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తొచ్చు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అది వేరే కథ.

గూడెం_శివ

నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఎవరూ చెప్పలేదేంటి? ఎత్తు తక్కువున్నవాళ్ళు అవి మర్చిపోతారు. నేవీకి 157 చాలు, ఎయిర్‌ఫోర్స్‌కి 152. ఇంటర్ ఎంపీసీ అన్నాడు కదా, నేవీ ఎస్‌ఎస్‌ఆర్‌కి (నావికుల పోస్టు) మ్యాథ్స్, ఫిజిక్స్ కావాలి, సరిపోతుంది. సెలెక్టయితే ట్రైనింగ్ ఒడిశాలో ఐఎన్‌ఎస్ చిల్కాలో, టెక్కలి నుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణం. రన్నింగ్ 1.6 కిలోమీటర్లు 6.30లో, దాంతోపాటు గుంజీలు, పుషప్స్, సిటప్స్. కాకపోతే రాతపరీక్ష ఆర్మీ కంటే బాగా కష్టం, నాకు ఇంగ్లీషు దగ్గరే పోయింది. ఎక్కడికెళ్ళినా మెడికల్ మెడికలే, వేరికోసిల్ సంగతి తేల్చుకోకుండా ఎక్కడికీ వెళ్ళలేడు.

ట్రాక్_మాస్టర్_కరీంనగర్

నేను గ్రౌండ్‌లో పిల్లల్ని ప్రాక్టీస్ చేయిస్తాను, అకాడమీ కాదు, ఫీజు లేదు, పొద్దున ఖాళీ ఉంటది కాబట్టి. రెండు మాటలు.

ఒకటి, రన్నింగ్ 5.30లో వచ్చినవాడికి 60 మార్కులు, పది బీమ్‌లకి 40. గ్రౌండ్‌లో వందకి వంద వచ్చినా మెరిట్ లిస్టు ఆన్‌లైన్ పరీక్ష మార్కులతో కలిపి తయారవుతుంది. కాబట్టి క్వాలిఫై అయినోళ్ళందరికీ జాయినింగ్ రాదు. మెడికల్ ఫిట్ అయ్యి, మెరిట్‌లో పేరు లేక ఏడ్చినోళ్ళు మా గ్రౌండ్‌లోనే ఉన్నారు, అది అన్‌ఫిట్ కంటే ఘోరం, ఎందుకంటే ఎవర్నీ తిట్టుకోలేవు. జీడీ పేపర్‌లో 50 ప్రశ్నలు, 100 మార్కులు, 35 వస్తే పాస్, తప్పుకి అర మార్కు కోత. 35 మీద గురి పెట్టి చదివినోడు అక్కడే ఆగిపోతాడు. టెక్కలి బాబూ, ఆపరేషన్ తర్వాత ఎలాగూ పరిగెత్తలేవు కదా, ఆ నెలలు లెక్కలకి, సైన్స్‌కి పెట్టు. 2025లో తెలుగులో కూడా పేపర్ ఇచ్చారు, ఇక భాష వంక కూడా లేదు.

రెండోది, గాయం మానాక మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పాత టైమింగ్ మొదటి రోజే కావాలని చూడకు. మొదట నడక, తర్వాత మెల్లగా జాగింగ్, ఆ తర్వాతే 400 మీటర్ల ముక్కలు. 1.6 అంటే ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, మొదటి రౌండ్ అందరూ పోటీపడి చచ్చేటట్టు ఉరుకుతారు, మూడో రౌండ్‌లో ఊపిరి తిత్తులు బయటికొస్తాయి. మూడో రౌండ్ ఎవడు నిలబెట్టుకుంటాడో వాడిదే ర్యాలీ. బ్యాచ్‌లో రెండు మూడు వందల మందిని ఒకేసారి వదులుతారు, మొదటి మలుపులో మోచేతులు తగులుతాయి, పడితే తొక్కుకుంటూ పోతారు, అందుకని మొదటి వంద మీటర్లు మాత్రం బయటి లైన్‌లోకి రా. బీమ్ మీద ఊగకు, జర్క్ కొడితే లెక్కపెట్టరు, గడ్డం కడ్డీ దాటాలి, కిందికి దిగేటప్పుడు చేతులు పూర్తిగా చాపాలి.

ఓరుగల్లు_బబ్లూ

మాస్టర్, మీ గ్రౌండ్ ఎక్కడ, మా ఊరి నుంచి బస్సుంది.

ట్రాక్_మాస్టర్_కరీంనగర్

మెసేజ్ పెట్టు. సొంత నీళ్ళ సీసా తెచ్చుకో, అంతే.

కడప_శ్రావణి

అడ్డం వస్తున్నందుకు సారీ. అమ్మాయిలకి కూడా చెప్పండి ఎవరైనా. నేను విమెన్ మిలిటరీ పోలీస్‌కి ట్రై చేస్తున్నాను. ఎత్తు 162 సరిపోయింది. రన్నింగ్ 1.6 కిలోమీటర్లు 7.30 లోపు వస్తే ఫస్ట్ గ్రూప్, లాంగ్ జంప్ పది అడుగులు, హైజంప్ మూడడుగులు. హైజంప్ దగ్గర పోయింది. మా ఊళ్ళో హైజంప్ ప్రాక్టీస్ చేసే మ్యాట్ లేదు, గడ్డివాము పక్కన కర్రలు పాతి దూకుతున్నాను, అందరూ మేడలెక్కి చూస్తున్నారు. నాన్న ఏమీ అనట్లేదు కానీ నాయనమ్మ రోజూ పెళ్ళి సంబంధం ఒకటి చదువుతుంది. పెళ్ళి కాకూడదు కదా రూల్ ప్రకారం, దాన్నే అడ్డం పెట్టుకుని బతుకుతున్నాను.

గోరంట్ల_సుజాత

శ్రావణీ, చదివి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. దూకు తల్లీ. మేడలెక్కినవాళ్ళే రేపు ఫ్లెక్సీ కట్టిస్తారు.

ట్రాక్_మాస్టర్_కరీంనగర్

శ్రావణీ, మూడడుగులంటే నీ నడుము ఎత్తే. భయం తప్ప ఇంకేం లేదు అందులో. ఎదురుగా ఉరికి రాకు, పక్కనుంచి వంకరగా వచ్చి కర్రకి దగ్గరున్న కాలు ముందు లేపు, కత్తెర లాగా. జిల్లా కేంద్రంలో స్టేడియం ఉంటే వారానికి ఒకరోజైనా వెళ్ళి ఇసుక గుంటలో చెయ్యి, గడ్డివాము పక్కన మడమ తిరిగితే ఏడాది పోతుంది.

టెక్కలి_రన్నర్

అందరికీ థాంక్స్. పోస్టులన్నీ చదివాను. నర్స్ అక్క చెప్పాక అమ్మకి చెప్పాను, అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న ఏమీ అనలేదు, రాత్రి భోజనం దగ్గర "డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్దాం" అన్నాడు అంతే. శ్రీకాకుళంలో చూపించుకున్నాం, స్కాన్ తీశారు, ఎడమవైపే ఉంది, చేయించుకుంటే మంచిదే అన్నారు. సంక్రాంతి అయ్యాక డేట్ ఇస్తామన్నారు. మావయ్యతో కూడా మాట్లాడాను. ఫార్మాకి ఇప్పుడే వెళ్ళను, కానీ ఈ నోటిఫికేషన్‌లో కూడా రాకపోతే వయసైపోతుంది కాబట్టి డిగ్రీ పూర్తి చేసి కానిస్టేబుల్‌కి చదువుతానని చెప్పాను. ఎస్‌ఎస్‌సీ జీడీ నా ఎత్తుకి కుదరదని ఇక్కడే తెలిసింది, లేకపోతే దానికీ ఫీజు కట్టేసేవాణ్ణి. ఒంగోలు అన్నా, నువ్వు వదిలెయ్ అన్నందుకు కోపం రాలేదు, నిజంగా.

ఇంకో డౌట్. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఈసారి ర్యాలీలో చూసీచూడనట్టు వదిలేశారు. మార్పించుకోవాలా?

ఒంగోలు_2021బ్యాచ్

కోపం వస్తే వచ్చిందని చెప్పు, పర్లేదు. ఆపరేషన్‌కి తోడు ఎవరూ లేకపోతే చెప్పు, గ్రానైట్‌లో ఆదివారం సెలవే నాకు.

మాధవరం_హవల్దార్

మార్పించుకో, ఈ వారమే. ఇప్పుడు వేలిముద్ర, ఆధార్ అన్నీ యంత్రాలతో చూస్తున్నారు, ప్రతిసారీ చూసీచూడనట్టు వదలరు. టెన్త్ మెమోలో ఎలా ఉందో ఆధార్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, నీ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. నివాస ధ్రువపత్రం ఫొటోతో తహసీల్దార్ దగ్గర తీసుకో, సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్ ఆర్నెల్లు దాటితే చెల్లదు కాబట్టి దాన్ని ఇప్పుడే తీసుకోకు, ర్యాలీ తేదీ వచ్చాక తీసుకో. పెళ్ళికాలేదన్న సర్టిఫికెట్ కూడా అలాగే, ఫొటో అతికించి ఉండాలి. ఫొటోలు ఒకే రోజు తీయించినవి ఓ కట్ట పెట్టుకో, గడ్డం గీసుకుని, టోపీ లేకుండా.

అప్లికేషన్ ఫీజు 250 రూపాయలు. నెట్ సెంటర్లో కట్టించినా మెయిల్, ఫోన్ నంబరు మాత్రం నీవే ఇవ్వు. మా ఊరి కుర్రాడికి నెట్ సెంటర్ వాడు తొందర్లో తన మెయిల్ ఇచ్చేశాడు, అడ్మిట్ కార్డు వాడికొచ్చింది, వాడు పెళ్ళికని ఊరెళ్ళాడు, ఫోన్ ఎత్తలేదు. పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసి మీ అమ్మకివ్వు.

టెక్కలి_రన్నర్

సరే సార్. రేపు సచివాలయంలో ఆధార్ క్యాంపు ఉంది, పొద్దున్నే వెళ్తాను.